లవం ఏది, హారం ఏది? జర్నళ్ల ర్యాంకులపై అపోహలు – వాస్తవాలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధన ప్రచురణల లెక్కలు చూసే బాధ్యత నాది. పదోన్నతి దరఖాస్తులు పెట్టుకునే రోజుల్లోనూ, విద్యాసంస్థలకు కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు వివరాలు పంపే రోజుల్లోనూ నా బల్ల ముందున్న కుర్చీ ఖాళీగా ఉండదు. వచ్చినవారి సందేహాలు రకరకాలుగా కనిపించినా, దాదాపు అన్నింటినీ విప్పేది చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న భిన్నమే. పైన దేన్ని లెక్కపెట్టారు, కింద దేనితో భాగించారు అని అడిగితే చాలావరకు తేలిపోతుంది.

అపోహ: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువగా ఉన్న పత్రికలో వచ్చిన వ్యాసం తప్పకుండా గొప్ప వ్యాసం.

వాస్తవం: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు చెందిన సగటు, అందులోని ఏ ఒక్క వ్యాసానికీ చెందిన మార్కు కాదు. సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లో ఏ పత్రికలను చేర్చాలో తేల్చుకోవడానికి యూజీన్ గార్ఫీల్డ్, ఇర్వింగ్ షెర్ 1960ల ఆరంభంలో దీన్ని రూపొందించారు. 2024 అంకె కావాలంటే, ఒక పత్రిక 2022, 2023 సంవత్సరాల్లో ప్రచురించిన వాటికి 2024లో వచ్చిన సైటేషన్లను (అంటే ఇతర వ్యాసాలు వాటిని పేర్కొన్న సందర్భాలను), ఆ రెండేళ్లలో వచ్చిన పరిశోధన వ్యాసాలు, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. సంపాదకీయాలకూ లేఖలకూ వచ్చిన సైటేషన్లు లవంలో చేరతాయి కాని, ఆ సంపాదకీయాలూ లేఖలూ హారంలో చేరవు.

సగటు ఎంత మోసం చేయగలదో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా – సెక్షన్ ఏ’ పత్రికది. స్ఫటిక నిర్మాణాలను తేల్చే షెల్‌ఎక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము చరిత్రను వివరిస్తూ జార్జ్ షెల్డ్రిక్ 2008లో అందులో ఒక వ్యాసం రాశారు. ఆ ప్రోగ్రామును వాడిన ప్రతివారూ ఆ వ్యాసాన్నే పేర్కొనడంతో, అంతకుముందు ఏడాది 2.051గా ఉన్న పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో 49.926కు ఎగబాకింది. రెండేళ్ల గడువు దాటి ఆ వ్యాసం లెక్కలోంచి తప్పుకోగానే, 2011లో అది మళ్లీ 2 దగ్గరికి దిగివచ్చింది. ఆ మధ్యకాలంలో అదే పత్రికలో వ్యాసం ప్రచురించిన మరొకరు తమ దరఖాస్తులో దాదాపు 50 అని నిజాయితీగానే రాసుకోవచ్చు. అందులో వారి ప్రమేయం మాత్రం ఏమీ లేదు.

అపోహ: ఏ విభాగం వారినైనా ఒకే అంకెతో పోల్చవచ్చు.

వాస్తవం: క్యాన్సర్ గణాంకాలను ఏటా ప్రచురించే ‘సీఏ: ఏ క్యాన్సర్ జర్నల్ ఫర్ క్లినీషియన్స్’ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2020లో 500 దాటింది. గణితంలో శిఖరస్థాయి పత్రికల్లో ఒకటైన ‘యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ది అదే ఏడాది 5కు కాస్త పైన ఉంది. గణిత వ్యాసాన్ని చదివి, సరిచూసి, దాని మీద మరో వ్యాసం రాసేసరికి రెండేళ్ల గడువు ఎప్పుడో ముగిసిపోతుంది. వైద్యరంగంలో అలా కాదు.

ఇది మన జీతభత్యాల దాకా వచ్చే విషయం. యూజీసీ 2018 నిబంధనల్లోని పరిశోధన స్కోరు పట్టిక ప్రకారం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1 లోపు ఉంటే 10 పాయింట్లు, 1 నుంచి 2 వరకు 15, 2 నుంచి 5 వరకు 20, 5 నుంచి 10 వరకు 25, 10 దాటితే 30. అంటే ‘యానల్స్’లో వ్యాసం వచ్చిన గణితాచార్యులు ఒక ఏడాది అంకె కాస్త ఇటు తూగితే 20 దగ్గర, అటు తూగితే 25 దగ్గర ఆగిపోతారు. మధ్యస్థాయి జీవశాస్త్ర పత్రికలో రాసిన సహోద్యోగికి అంతకంటే ఎక్కువ వచ్చినా ఆశ్చర్యం లేదు. అన్నట్టు, ఆ నిబంధనల్లో ‘థామ్సన్ రాయిటర్స్ జాబితా’ అనే రాశారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కించే ఈ వ్యాపారాన్ని ఆ సంస్థ 2016లోనే వదులుకోగా, ఇప్పుడు దాన్ని నడుపుతున్నది క్లారివేట్.

అపోహ: వెబ్‌సైటులో ఇంపాక్ట్ ఫ్యాక్టర్, ఐఎస్‌ఎస్‌ఎన్ రెండూ ఉన్నాయంటే అది గుర్తింపు పొందిన పత్రికే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒక పరిశోధక విద్యార్థిని తన వ్యాసాన్ని అంగీకరించినట్టు వచ్చిన మెయిల్‌ను ప్రింటు తీసి తెచ్చింది. వ్యాసం పంపిన మూడో రోజుకే అంగీకారం, ఆ కిందే రుసుము కట్టవలసిన ఖాతా నంబరు. “ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఉంది కదా సార్” అంది. ఆ ఎనిమిది అంకెలను స్కోపస్ అనే పరిశోధన వ్యాసాల సూచీలోని పత్రికల జాబితాలో వెతికితే పత్రిక దొరికింది, పేరు కూడా అదే. అక్కడి లంకె పట్టుకుని ప్రచురణకర్త పేజీకి వెళ్తే మాత్రం చిరునామా వేరు, సంపాదకవర్గం వేరు, అక్కడ అచ్చయిన సంచికల సంఖ్యలు వేరు. అసలు పత్రిక పేరునూ నంబరునూ దొంగిలించి ఎవరో నకిలీ సైటు నడుపుతున్నారు. ఆ అమ్మాయి అప్పటికే సగం రుసుము కట్టేసింది.

ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది ధారావాహిక ప్రచురణను గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన నడిపేవారికి లైసెన్సు ఉన్నట్టు కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్న మాటకు అటూ ఇటూ మరో పదం చేర్చి అంకెలు అమ్మే సంస్థలు చాలానే ఉన్నాయి. క్లారివేట్ ఏటా వెలువరించే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో కనిపించనిదాన్ని ఆ పేరుతో లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ప్రభుత్వ జాబితా ఉంటే చాలన్న ధీమా కూడా పనికిరాదు. యూజీసీ తాను ఆమోదించిన పత్రికల పాత జాబితా నుంచి 2018 మేలో 4,305 పత్రికలను తొలగించింది, ఆ తరువాత తెచ్చిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో పూర్తిగా ఎత్తివేసింది. ఇప్పుడు మంచిచెడ్డలు తేల్చుకోవలసిన భారం విద్యాసంస్థలదే.

అపోహ: క్యూ1 పత్రిక ఎప్పటికీ, ఎక్కడైనా క్యూ1.

వాస్తవం: ఒక విషయవర్గంలోని పత్రికలను వరుసగా పేర్చి, నాలుగు భాగాలు (క్వార్టైళ్లు) చేసి, పై భాగానికి పెట్టిన పేరే క్యూ1. ఒకే పత్రిక ఒక వర్గంలో క్యూ1గా, మరొక వర్గంలో క్యూ2గా ఉండవచ్చు. క్లారివేట్ లెక్కకూ, స్కోపస్ సమాచారంతో సిమాగో వేసే లెక్కకూ పొత్తు కుదరకపోవచ్చు. కాబట్టి ఏ సంవత్సరం, ఏ వర్గం, ఎవరి జాబితా అన్న మూడూ రాయని దరఖాస్తును నేను వెనక్కి పంపుతాను.

అపోహ: ర్యాంకులో పైన ఉన్న విశ్వవిద్యాలయంలోనే పరిశోధన మెరుగ్గా ఉంటుంది.

వాస్తవం: ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే క్యూఎస్ సంస్థ 2021 జూన్‌లో వెలువరించిన జాబితాలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఒక్కొక్క అధ్యాపకుడికి వచ్చే సైటేషన్ల అంశంలో నూటికి నూరు వచ్చి, ప్రపంచంలో మొదటి స్థానం దక్కింది. అదే జాబితాలో ఆ సంస్థ మొత్తం మీద 186వ స్థానంలో ఉంది. రెండూ తప్పు కావు. ప్రస్తుతం క్యూఎస్ స్కోరులో 45 శాతం విద్యావేత్తల, ఉద్యోగాలిచ్చేవారి అభిప్రాయ సేకరణకే పోతుంది. షాంఘై జాబితా అభిప్రాయాలు అడగదు కాని, అందులో 30 శాతం పూర్వ విద్యార్థులకూ అధ్యాపకులకూ వచ్చిన నోబెల్, ఫీల్డ్స్ పురస్కారాలది. మన ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాలకు పరిశోధన కింద 30 శాతం ఇస్తుంది, కళాశాలలకు అదే అంశం కింద 15 శాతమే ఇస్తుంది.

హారం చిన్నదైతే కొద్దిపాటి వ్యాసాలే సగటును ఎంత పైకి లేపగలవో 2010లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ జాబితా చూపించింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం అందులో 147వ స్థానానికి చేరింది, సైటేషన్ల ప్రభావంలోనైతే ప్రపంచంలో నాలుగోది. దాని వెనుక ప్రధానంగా ఒకే ఒక్క పరిశోధకుడి వ్యాసాలున్నాయని, వాటిలో చాలావరకు ఆయనే సంపాదకుడిగా ఉన్న పత్రికలో వచ్చాయని అప్పట్లో వార్తలు వచ్చాయి.

లవం దగ్గర ఇంకో ఇంటి సమస్య ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా సంస్థ పేరును మా అధ్యాపకులే పొట్టి అక్షరాలతో ఒకసారి, ఊరి పేరుతో ఒకసారి, విభాగం పేరు మాత్రమే పెట్టి ఇంకోసారి రాస్తారు. స్కోపస్‌లో ఇవి వేరువేరు సంస్థలుగా చెల్లాచెదురవుతాయి. వాటిని ఏరి, ఒక గుర్తింపు కిందకు చేర్చమని రాయడానికే నాకు ఏటా రెండు వారాలు పడుతుంది. ఆ పని చేసిన ఏడాది మా ప్రచురణల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది, అదనంగా ఎవరూ ఒక్క వ్యాసం కూడా రాయకుండానే.

అపోహ: ఏ సూచీలోనూ లేనిది పరిశోధన కిందికి రాదు.

వాస్తవం: తెలుగు శాఖ వారు ఈ మాట విని తలవంచుకుని వెళ్లడం చూశాను. 1924 నుంచి 1991 వరకు నడిచిన ‘భారతి’ పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు, క్వార్టైల్ లేదు. శాసనాల మీద, ఛందస్సు మీద పనిచేసే విద్యార్థులు దాని బైండు సంపుటాల కోసం ఇప్పటికీ నా దగ్గరికి చీటీ రాసి పంపుతారు. వారు సమర్పించే సిద్ధాంత గ్రంథాల అధోజ్ఞాపికల్లో ఆ పేరు పేజీ పేజీకీ కనిపిస్తుంది. సిద్ధాంత గ్రంథాలను ఈ సూచీలు లెక్కలోకి తీసుకోవు కాబట్టి ఆ సైటేషన్లు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లవంలో చేరవు.