మెక్సికో పంచిన భూములు, మెక్సికో చేజారిన టెక్సస్

టెక్సస్ యుద్ధంలో పోయిందని మెక్సికో చరిత్ర చెబుతుంది. నిజమే, 1836 ఏప్రిల్ 21న సాన్ హసింటో దగ్గర గంట కూడా పట్టని పోరులో టెక్సస్ తిరుగుబాటుదారుల చేతిలో మెక్సికో సైన్యం ఓడిపోయింది. కానీ అంతకు ముందు పదేళ్లకు పైగా మెక్సికో ప్రభుత్వమే పొరుగుదేశం అమెరికా వాళ్లను పిలిచి మరీ అక్కడ భూములిచ్చింది.

పిలవక తప్పని పరిస్థితి. 1821లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేసరికి ఖజానా ఖాళీ. సాన్ ఆంటోనియో, గోలియడ్, నకగ్డోచెస్ చుట్టుపక్కల తప్ప టెక్సస్‌లో మెక్సికన్ల ఊళ్లు లేవు. మిగతా నేలమీద కొమాంచీలు, ఇతర ఆదివాసీ తెగలు ఉన్నాయి. కొమాంచీల దాడులంటే మెక్సికన్లకు హడల్. దక్షిణాన ఉన్న మిగతా మెక్సికో నుంచి వచ్చి స్థిరపడేవాళ్లు దొరకలేదు. అమెరికాలోని మిస్సోరీకి చెందిన మోజెస్ ఆస్టిన్ 300 కుటుంబాలను తెస్తానని స్పెయిన్ అధికారుల దగ్గర అప్పటికే అనుమతి తీసుకున్నాడు. ఆయన పోయాక కొడుకు స్టీఫెన్ ఆ పని అందుకున్నాడు.

1824లో కేంద్ర చట్టం, 1825లో కోవహీలా-టెక్సస్ రాష్ట్ర చట్టం వచ్చాయి. జనాన్ని తెచ్చే పని ‘ఎంప్రసారియో’లకు అప్పగించారు. మన లెక్కలో గుత్తేదారులే అనుకోవచ్చు. తెచ్చిన ప్రతి వంద కుటుంబాలకు వాళ్లకు దాదాపు 23,000 ఎకరాలు. వచ్చిన కుటుంబం సేద్యం చేస్తే 177 ఎకరాలు, పశువులు పెంచితే 4,428 ఎకరాలు. దాదాపు అందరూ పశువులు పెంచుతామనే చెప్పారు, చెప్పరా మరి! అదే సమయంలో అమెరికాలో ప్రభుత్వ భూమి ఎకరం 1.25 డాలర్లు, కనీసం 80 ఎకరాలు, అదీ రొక్కం. ఇక్కడ పశువుల భూమి మొత్తానికి రాష్ట్రానికి కట్టాల్సింది సుమారు 30 డాలర్లు, అదీ వాయిదాల్లో.

షరతులు లేకపోలేదు. కాథలిక్ మతం, మెక్సికో పౌరసత్వం, అనుమతి లేనిదే సరిహద్దుకు 20 లీగుల (80 కిలోమీటర్లకు పైనే) లోపల నివాసం ఉండకూడదు. ఇవి అమలు చేయడానికి మనుషులేరీ? పూజారులే సరిపడా లేరు. భూమి ఇప్పించేదీ, తగాదా తీర్చేదీ ఎంప్రసారియోనే కాబట్టి జనానికి ప్రభుత్వమంటే అతనే. హేడెన్ ఎడ్వర్డ్స్ అనే ఎంప్రసారియో పాత రైతులను పట్టాలు చూపమని బెదిరించాడు. కాంట్రాక్టు రద్దు కావడంతో అతని వర్గం 1826 డిసెంబరులో ఏకంగా స్వతంత్ర దేశం ప్రకటించుకుంది. నెలన్నర కూడా నిలవలేదు.

అసలు పేచీ బానిసల దగ్గర వచ్చింది. పత్తి వేసేవాళ్లు బానిసలను వెంట తెచ్చుకున్నారు. 1827 రాష్ట్ర రాజ్యాంగం కొత్తగా బానిసలను తేవడాన్ని నిషేధిస్తే, దీర్ఘకాల కూలి ఒప్పందాలని కాగితం రాయించి తెచ్చారు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేసి, టెక్సస్‌కు మినహాయింపు ఇచ్చేసింది. ఈ వెనకడుగును వలసదారులు బాగా గుర్తుపెట్టుకున్నారు.

ప్రాంతమంతా తిరిగి చూసిన జనరల్ మియర్ ఇ తెరాన్ హెచ్చరికలతో 1830 ఏప్రిల్ 6న అమెరికా వలసలను ఆపుతూ చట్టం వచ్చింది. చాలా ఆలస్యమైంది. దొంగదారిన వస్తూనే ఉన్నారు. 1834లో ఆ నిషేధమూ ఎత్తేశారు.

విక్టోరియాను స్థాపించిన మార్టిన్ దె లియోన్ మెక్సికన్ ఎంప్రసారియో. ఆయన కుటుంబం తిరుగుబాటుకు సాయం చేసింది. అయినా 1836లో, గెలిచినవాళ్లే వాళ్లను ఊరొదిలించి న్యూ ఆర్లీన్స్‌కు పంపేశారు.