మొప్పలు కురచవుతున్న ఆక్సొలాటల్

తొలకరికి గోదావరి డెల్టాలో నీరు నిలిచిన చేలల్లో కప్పలు గుడ్లు పెడతాయి. కొన్ని వారాల్లోనే తోకకప్పలకు కాళ్లు వచ్చి, తోకలు కరిగి, అవి గట్టెక్కుతాయి. మెక్సికో నగరం దగ్గరి సోచిమిల్కో సరస్సుకు చెందిన ఆక్సొలాటల్ ఆ గట్టెక్కడాన్నే మానుకున్న సాలమాండర్. కుచ్చుల మొప్పలతో, డింభక రూపంలోనే, అంటే పిల్ల దశలోనే, పెద్దదై, ఆ రూపంలోనే గుడ్లు పెడుతుంది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి ప్రేరణ చాలకపోవడం వల్ల దాని థైరాయిడ్ గ్రంథి రూపవిక్రియకు, అంటే డింభకం నేలజీవిగా మారడానికి, కావలసినంత హార్మోనును విడుదల చేయదు. అయితే ఆ హార్మోనుకు స్పందించే శక్తి కణజాలాల్లో అలాగే ఉంది. 1860లలో పారిస్‌లో జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ డ్యుమెరిల్ పెంచిన ఆక్సొలాటల్‌ల సంతానంలో కొన్ని ఉన్నట్టుండి మొప్పలు పోయి నేలజీవులయ్యాయి. 1913లో చెక్ శాస్త్రవేత్త లాఫ్‌బెర్గర్ థైరాయిడ్ గ్రంథిని మేతగా పెట్టి ఆ మార్పునే రప్పించాడు.

అమలాపురంలోనో భీమవరంలోనో ఇంటి అక్వేరియంలో దీని మొప్పలు కురచవుతుంటే మొదట అనుమానించవలసింది హార్మోనును కాదు, నీటిని. ఈ జీవికి 16 నుంచి 18 డిగ్రీల నీరు హాయి, 24 దాటితే నలత. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన తొట్లలో నీరు 30 దాటుతుంది. నీటిని చల్లబరిచే యంత్రం లేకుండా ఇక్కడ దీన్ని పెంచబూనడమే తప్పని నా అభిప్రాయం. నీటిలో అమోనియా, నైట్రైట్ చేరినా మొప్పల కుచ్చులు క్షీణిస్తాయి. రొయ్యల చెరువుల పుణ్యమా అని నీటిని పరీక్షించే ల్యాబులకు డెల్టాలో కొదవ లేదు. నీరు బాగుపడ్డాక కుచ్చులు మళ్లీ పెరిగితే అది రూపవిక్రియ కాదన్నమాట. మొప్పలతో పాటు వీపు మీది నుంచి తోక చివరి దాకా సాగే పలుచని రెక్క కూడా తగ్గి, కళ్లు ఉబికి రెప్పలు ఏర్పడి, చర్మం పొరలుగా ఊడుతూ, గాలి కోసం జీవి తరచూ పైకి వస్తుంటే మాత్రం సందేహం అక్కరలేదు.

అప్పుడు దాన్ని ఆపాలనీ, అయోడిన్ వేసి త్వరపెట్టాలనీ చూడకూడదు. బలవంతపు మార్పు తరచూ ప్రాణం తీస్తుంది. తల పైకెత్తితే గాలి అందేంతవరకు నీటిని తగ్గించి, ఒక పక్క వాలుగా మెట్ట ఏర్పరచాలి. మొప్పలు పూర్తిగా పోయేవరకు నీరు ఉండవలసిందే. పోయాక ఎక్కే దారి లేకపోతే అదే నీటిలో మునిగి చనిపోవచ్చు. మెట్టకు కోనసీమ కొబ్బరి పొట్టు చాలా బాగుంటుంది, కాని దానిలోని ఉప్పు పోయేదాకా పలుమార్లు కడిగి, తడి ఆరకుండా పరచాలి. జారి బయటపడకుండా గాలాడే మూత బిగించాలి. చర్మం అతి సున్నితంగా ఉండే ఆ రోజుల్లో చేత్తో పట్టుకోకపోవడం మంచిది.

మేత మానేసినా కంగారుపడి నోట్లో కుక్కకూడదు. మార్పు ముగిశాక కళ్లముందు కదిలే ఎర్రను (వానపామును) అది తానే అందుకుంటుంది. ఆ ఎర్రలను పురుగుమందు తగిలిన వరి గట్ల నుంచి కాక, పెరట్లో అరటి పాదుల్లోంచి తవ్వి తేవాలి.