ఐక్యరాజ్యసమితి దండగేనా? అపోహలు - వాస్తవాలు

నేను ఇంటర్నేషనల్ లా పాఠాలు చెప్తాను. ఎక్కడ యుద్ధం మొదలైనా క్లాసులో మొదటి ప్రశ్న ఒకటే, "సార్, మరి ఐక్యరాజ్యసమితి ఏం పీకుతోంది?" అని. అడగడంలో తప్పు లేదు గానీ దాని వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: సమితికి సొంత సైన్యం ఉంది, కావాలనే పంపట్లేదు.
లేదండీ. బలగాలిస్తామని దేశాలు ఒప్పందాలు చేసుకోవాలని సమితి రాజ్యాంగం లాంటి చార్టర్‌లో 43వ ఆర్టికల్ చెప్తుంది, 1945 నుంచి ఇప్పటిదాకా ఒక్కటీ కుదర్లేదు. శాంతి దళాల్లో కనిపించే ఆ నీలం హెల్మెట్లవాళ్లంతా దేశాలు అరువిచ్చిన మనుషులే. అన్నట్టు, పీస్‌కీపింగ్ (శాంతి పరిరక్షణ) అనే మాటే చార్టర్లో కనపడదు.

అపోహ: వీటో పడిందంటే కథ కంచికే.
సెక్యూరిటీ కౌన్సిల్‌లో ఐదు శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటి వద్దన్నా తీర్మానం ఆగిపోతుంది, అదే వీటో. 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ గొడవప్పుడు వీటో కొట్టింది బ్రిటన్, ఫ్రాన్స్, దాడిలో ఉన్నదీ వాళ్లే మరి. విషయం అన్ని సభ్య దేశాలూ కూర్చునే జనరల్ అసెంబ్లీకి వెళ్లింది, రోజుల్లోనే శాంతి దళం తయారైంది, వాళ్లు వెనక్కి తగ్గారు. అమెరికా వాళ్ల మెడ మీద కత్తి పెట్టడం కూడా పనిచేసిందిలెండి, అది దాచను.

అపోహ: హేగ్‌లో ఉన్న సమితి కోర్టుకి (ఐసీజే) పోలీసుల్లేరు, తీర్పంటే కాగితం ముక్క.
లిబియాకీ చాద్‌కీ మధ్య ఔజూ పట్టీ అని ఉంది, లక్ష చదరపు కిలోమీటర్లు దాటిన ఎడారి. దానికోసం ఏళ్ల తరబడి కొట్టుకుని, 1987లో చాద్ వాళ్లు పికప్ ట్రక్కులకి మిసైళ్లు బిగించుకుని మరీ యుద్ధం చేసి, చివరికి ఇద్దరూ కోర్టుకెక్కారు. 1994 ఫిబ్రవరిలో జడ్జీలు 1955 నాటి ఒక ఒప్పందం పట్టుకుని 16-1 తేడాతో ఆ నేల చాద్‌దే అన్నారు. మే నెలాఖరుకి లిబియా సైన్యం ఖాళీ చేసి వెళ్లిపోయింది, చూడ్డానికి సమితి పంపిన పరిశీలకులు తొమ్మిది మంది! ఎందుకెళ్లారంటే, నా లెక్కలో, పక్కోడికి లొంగామని సొంత జనానికి చెప్పుకోవడం కంటే కోర్టు చెప్పింది కాబట్టి వదిలేశామనడం తేలిక. కాకపోతే ఇద్దరూ ఇష్టపడి వెళ్లిన కేసది. 1986లో నికరాగ్వా అనే చిన్న దేశం వేసిన కేసు ఓడిపోయిన అమెరికా తీర్పునే లెక్కచేయలేదు, నికరాగ్వా సెక్యూరిటీ కౌన్సిల్‌కి తీసుకెళ్తే అక్కడా వీటో కొట్టింది.

అపోహ: ఈ కోర్టే నాయకుల్ని జైల్లో పెట్టాలి.
అది వేరే కోర్టు, ఐసీసీ (ఇంటర్నేషనల్ క్రిమినల్ కోర్టు), 2002లో మొదలైంది. ఇది దేశాల తగవులు చూస్తుంది, అది మనుషుల్ని విచారిస్తుంది. రెండూ హేగ్‌లోనే ఉండేసరికి టీవీ వాళ్లక్కూడా తికమకే.