టెన్షన్ ఎవరికి ఎక్కువ, ఆఫీసరుకా అటెండరుకా?

"పెద్ద ఆఫీసర్లకే కదా టెన్షన్లన్నీ, గుండెపోటు కూడా వాళ్లకే ఎక్కువ వస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలామంది అలాగే అనుకుంటారు. లండన్‌లో తేలింది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు.

వైట్‌హాల్ అంటే బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయాలున్న వీధి. అక్కడి ఉద్యోగుల్లో 40 నుంచి 69 ఏళ్ల మధ్య మగవాళ్లను, 17,000 మందికి పైగా, 1967 నుంచి పరీక్షించి, ఎవరు ఏ జబ్బుతో పోయారో ఏళ్ల తరబడి నమోదు చేశారు. అందరికన్నా కింద ఉన్న అటెండర్లు, కాపలావాళ్లలో గుండెజబ్బు మరణాలు పై అధికారుల కంటే మూడు రెట్లకు పైగా కనిపించాయి. మధ్య మెట్లవాళ్లకూ తప్పలేదు. మెట్టు దిగేకొద్దీ ప్రమాదం పెరిగింది.

పేదరికం అందామా? అందరివీ నెల జీతాలే, వైద్యం ఉచితం. కింది మెట్లలో పొగతాగేవాళ్లు ఎక్కువే. అయితే పొగ, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడాలో ఎక్కువ భాగం అలాగే మిగిలింది.

మనిషి స్థానం డబ్బు ఒక్కదాని మీదే ఆధారపడదనీ, హోదా, అధికారం వేరువేరుగా పనిచేస్తాయనీ జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ వందేళ్ల కిందటే చెప్పారు. బళ్లో బయాలజీ ఒకరు, సోషల్ ఇంకొకరు చెప్పడం వల్ల ఈ రెండూ ఒకే ఒంట్లో కలుస్తాయని పిల్లలకు ఎవరూ చెప్పరు. అది నాకు బాధగా ఉంటుంది.

ఎలా కలుస్తాయి? 1979లో రాబర్ట్ కరసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు పనిభారాన్నీ, పని మీద మనకున్న అదుపునూ విడదీసి చూశారు. ఆఫీసరుకు భారం ఎక్కువే, కానీ ఏది ముందు, ఏది రేపు అన్నది చాలావరకు ఆయన చేతిలో ఉంటుంది. గది బయట స్టూలు మీద కూర్చున్న అటెండరుకు కాలింగ్ బెల్ ఎప్పుడు మోగుతుందో తెలియదు. టీ తాగడానికి వెళ్లాలన్నా అదే బెంగ. ఒళ్లు ఆ కాసేపూ విశ్రాంతి తీసుకోదు, కాచుకుని ఉంటుంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఆపద గడిచాక అది తగ్గాలి. ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉంటే రక్తంలో చక్కెర, బీపీ పెరుగుతాయి, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. చివరికి గుండె దెబ్బతింటే ఇంట్లోవాళ్లు తలరాత అంటారు. అంత తేలిగ్గా తలరాత మీదకు నెట్టేస్తే అసలు కారణాన్ని ఎవరూ వెతకరు.

1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో ఆడవాళ్లనూ చేర్చారు. పని మీద అదుపు తక్కువైన వాళ్లలో గుండెజబ్బు ఎక్కువని అందులోనూ తేలింది. పడ్డ కష్టానికి తగ్గ జీతం, గుర్తింపు దక్కకపోతే ప్రమాదం పెరుగుతుందన్న జర్మన్ పరిశోధకుడు యోహానెస్ సీగ్రిస్ట్ సిద్ధాంతాన్నీ ఈ ఉద్యోగుల్లోనే పరీక్షించారు. అదుపు లేకపోవడం, ప్రతిఫలం దక్కకపోవడం దేనికదే విడిగా గుండెజబ్బుతో ముడిపడి కనిపించాయి.