రోస్టర్‌లో లేని పిస్తోలు, డల్లాస్‌లో ఉన్న తమ్ముడు: కాలిఫోర్నియాలో తుపాకీ కొనుగోలుపై అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య ఒకే వారంలో వచ్చిన నాలుగో ఫోను ఇది. "అన్నా, గ్లాక్ 19 జెన్ 5 పిస్తోలు మీరు అమ్మరట కదా. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ కొని, పండక్కి వచ్చేటప్పుడు కారులో తెస్తానంటున్నాడు. తెచ్చాక మీ దుకాణంలో నా పేరు మీద రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుందా?"

సరిపోదు. అది నేరం. తమ్ముడికీ నేరమే, మీకూ నేరమే. ఈ నాలుగు మాటలు ఫోనులో చెబితే చాలామంది నమ్మడం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను శాక్రమెంటోకు దగ్గరలో, లైసెన్స్ ఉన్న ఒక తుపాకుల దుకాణంలో పన్నెండేళ్లుగా కౌంటరు దగ్గర పనిచేస్తున్నాను. మొదట్లో ఏడాదికి ఇద్దరో ముగ్గురో తెలుగువాళ్లు కనిపించేవారు. ఇప్పుడు శనివారం వస్తే కనీసం ఒక జంటైనా వస్తుంది. ఎక్కువమందికి వేట మీద గాని, గురి పోటీల మీద గాని ఆసక్తి ఉండదు. పక్క వీధిలో ఎవరింట్లోనో బంగారం పోయి ఉంటుంది, లేదా వాళ్ల ఇంట్లోనే పోయి ఉంటుంది. పోయిన నెల వచ్చిన ఒకామె, మాట్లాడినంతసేపూ ఖాళీ మణికట్టును పట్టుకునే ఉంది. అత్తగారు పెళ్లిలో పెట్టిన గాజులట. ఆ భయాన్ని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. ఆ భయంలో ఉన్న మనిషికి వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన అడ్డదారి ధైర్యంగా వినిపిస్తుంది. నా కోపమంతా ఆ అడ్డదారి చెప్పేవాళ్ల మీదే.

అపోహ: ఇక్కడ దొరకని పిస్తోలు వేరే రాష్ట్రంలో కొని తెచ్చుకోవచ్చు

ముందు ఇక్కడ ఎందుకు దొరకదో చూద్దాం. కాలిఫోర్నియాలో డీలర్లు అమ్మదగిన చేతి తుపాకుల జాబితా ఒకటి ఉంది. అదే రోస్టర్. 1999లో చట్టం చేశారు, 2001 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఒక మోడల్ ఇందులోకి రావాలంటే ప్రయోగశాలలో మూడు నమూనాలు ఒక్కొక్కటి 600 తూటాలు పేల్చి చూపాలి, కిందపడినా పేలకూడదు. ఆ తర్వాత మరిన్ని షరతులు చేరాయి. ఛాంబర్‌లో, అంటే తూటా పేలే అరలో, తూటా ఉన్నదీ లేనిదీ బయటికి కనిపించాలి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేస్తే పేలకూడదు. 2013 మే నుంచి, పేలిన ప్రతి తూటా ఖాళీ తొడుగు మీద ఆ పిస్తోలు గుర్తు సూక్ష్మంగా పడాలన్న నిబంధన వచ్చింది. ఆ సాంకేతికతతో పిస్తోలు తయారు చేసి అమ్మిన కంపెనీ ఒక్కటీ లేదు. కాబట్టి దాదాపు పదేళ్లు రోస్టర్‌లోకి కొత్త సెమీ ఆటోమేటిక్ మోడల్ ఒక్కటి కూడా రాలేదు. 2023 మార్చిలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఈ షరతులపై మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. సూక్ష్మ ముద్ర నిబంధన ఆగాక కొన్ని కొత్త మోడళ్లు వచ్చాయి. గ్లాక్‌లో మాత్రం ఇక్కడ మూడో తరమే ఉంది, నాలుగూ అయిదూ తరాలు లేవు (జెన్ 5 అంటే ఆ అయిదో తరమే). డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో ఇలాంటి జాబితా లేదు. అందుకే తమ్ముడు గుర్తుకొస్తాడు.

ఇక అసలు సంగతి. చేతి తుపాకీ విషయంలో మీరు ఏ రాష్ట్రంలో నిలబడి ఉన్నారన్నది కాదు, ఏ రాష్ట్ర నివాసి అన్నదే లెక్క. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ తన రాష్ట్రం కాని మనిషి చేతికి పిస్తోలు ఇవ్వకూడదు. ఇక్కడి నుంచి రీనో రెండు గంటల దారి. శనివారం పొద్దున్న బయలుదేరి నెవాడా దుకాణానికి వెళ్లినా వాళ్లు మీ కాలిఫోర్నియా లైసెన్సు చూసి వెనక్కి పంపుతారు, పంపకపోతే వాళ్ల లైసెన్సు పోతుంది.

దుకాణం కాక తమ్ముడే ఇస్తే? ఒక రాష్ట్ర నివాసి మరో రాష్ట్ర నివాసికి లైసెన్స్ ఉన్న డీలర్ లేకుండా తుపాకీ ఇవ్వడం ఫెడరల్ నేరం. బయటి రాష్ట్రంలో అలా తీసుకున్నదాన్ని సొంత రాష్ట్రానికి తేవడం మరో నేరం. ఒక్కోదానికి అయిదేళ్ల వరకు జైలు. ప్రేమతో ఇచ్చిన బహుమతి అయినా, రూపాయి తీసుకోకపోయినా ఇదే.

"సరే, డీలర్ ద్వారానే పంపిస్తాడు" అంటారు. పంపవచ్చు, పిస్తోలు మా దుకాణానికి చేరుతుంది కూడా. కానీ రోస్టర్‌లో లేనిదాన్ని నేను మీ చేతికి ఇవ్వలేను. రోస్టర్ నుంచి మినహాయింపు ఉన్న కుటుంబ బదిలీ అంటే ఇక్కడి చట్టంలో తల్లిదండ్రులూ పిల్లలూ, తాతామామ్మలూ మనవలూ. అన్నదమ్ములు లేరు. అక్కచెల్లెళ్లు లేరు. బావమరిది సంగతి చెప్పనక్కరలేదు. మన ఇళ్లలో తోడబుట్టినవాడి కంటే దగ్గరివాడు ఎవరని నన్ను అడుగుతారు. నిజమే, కానీ ఆ చట్టం రాసినవాళ్లు మన బంధుత్వాలు చూసి రాయలేదు.

ఇంకో పొర కూడా ఉంది. తమ్ముడు అక్కడి దుకాణంలో నింపే ఫారం 4473లో, ఈ తుపాకీకి అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్న ఉంటుంది. మీ డబ్బుతో మీ కోసం కొంటూ "అవును" అని గీస్తే అది అబద్ధపు వాంగ్మూలం. "ఇద్దరికీ తుపాకీ పెట్టుకునే హక్కు ఉంది కదా, అందులో తప్పేముంది?" అనేవారికి నేను అబ్రామ్‌స్కీ కేసు చెబుతాను. ఆయన వర్జీనియాలో ఉండే మాజీ పోలీసు. పోలీసులకిచ్చే రాయితీ ధరలో తన బంధువైన పెద్దాయన కోసం గ్లాక్ 19 కొన్నాడు. ఆ పెద్దాయన పెన్సిల్వేనియా నుంచి 400 డాలర్ల చెక్కు ముందే పంపాడు. ఇద్దరికీ తుపాకీ ఉంచుకునే అర్హత ఉంది. చివరికి పెన్సిల్వేనియాలో డీలర్ ద్వారానే, తనిఖీ చేయించే, పెద్దాయనకు అందజేశారు. అయినా ఫారంలో "అసలు కొనుగోలుదారును నేనే" అన్న ఒక్క గీతకు శిక్ష పడింది. 2014లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని ఖరారు చేసింది. అవతలి మనిషి తుపాకీ ఉంచుకోకూడని వ్యక్తి అని తెలిసి కొనిపెడితే, 2022 చట్టం తర్వాత శిక్ష 15 ఏళ్ల వరకు వెళ్తుంది.

అమెరికా పౌరుడైతే ఇది జైలు, జరిమానా, లాయరు ఖర్చు. గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి అంతకంటే పెద్ద నష్టం. తుపాకీని చట్టవిరుద్ధంగా కొనడం, దగ్గర ఉంచుకోవడం వంటి నేరాలు రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే ఒక కారణమని వలస చట్టంలో రాసి ఉంది. పదిహేనేళ్ల ఎదురుచూపు, ఇల్లు, పిల్లల చదువు, అన్నీ ఒక పిస్తోలు మోడల్ కోసం పణంగా పెడుతున్నారన్న సంగతి ఫోను చేసేవారికి తట్టదు.

మూడేళ్ల క్రితం ఒకాయన లంచ్ బాక్సు సంచితో దుకాణానికి వచ్చాడు. సంచి కౌంటరు మీద పెట్టి జిప్పు తీయబోయాడు. లోపల గట్టి ప్లాస్టిక్ పెట్టె అంచు కనిపించింది. "అన్నయ్య తెచ్చాడండీ, దీన్ని ఎక్కించాలి" అన్నాడు, బ్యాంకులో డబ్బు కట్టడానికి వచ్చిన మనిషిలాగా. చేయి అక్కడే ఆపమన్నాను. "ఇంకేమీ చెప్పకండి. నేను లాయరును కాను, మీరు చెప్పేది నేను రహస్యంగా ఉంచగలిగే మాట కాదు. ముందు తుపాకుల కేసులు చూసే లాయరును కలవండి, వలస లాయరును కూడా కలవండి" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆయనకు నిజంగానే తెలియదు. తర్వాత ఏమైందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ సంచి జిప్పు చప్పుడు మాత్రం ఇలాంటి ఫోను వచ్చిన ప్రతిసారీ గుర్తుకొస్తుంది.

అపోహ: రోస్టర్‌లో లేని పిస్తోలు దగ్గర ఉంటే చాలు, నేరం

కాదు. రోస్టర్ డీలర్ అమ్మకాన్ని కట్టడి చేస్తుంది, మీ బీరువాను కాదు. కంపెనీ ఏటా కట్టాల్సిన రుసుము కట్టకపోయినా ఆ మోడల్ జాబితా నుంచి పోతుంది. అంతమాత్రాన నిరుడు కొన్నవాడు నేరస్థుడు కాడు. టెక్సాస్ నుంచో జార్జియా నుంచో ఉద్యోగం మారి ఇక్కడికి వస్తున్నవారు పిస్తోలును తక్కువ ధరకు అమ్ముకుని వస్తున్నారు. అక్కరలేదు. నివాసిగా మారిన 60 రోజుల్లోగా రాష్ట్ర న్యాయ శాఖకు తెలియజేసే ఫారం ఉంది, రుసుము 19 డాలర్లు. అయితే పది తూటాల కంటే ఎక్కువ పట్టే మ్యాగజైన్లు వెంట తేకండి. గొట్టం చివర స్క్రూలాంటి మర ఉన్న సెమీ ఆటోమేటిక్ పిస్తోలును ఇక్కడి చట్టం అసాల్ట్ ఆయుధాల కిందికి తీసుకువస్తుంది, దాన్ని అసలే తేవద్దు. పెట్టె సర్దేముందు గొట్టం చివర వేలితో తడిమి చూసుకోండి.

ఇక్కడి నివాసులిద్దరి మధ్య, డీలర్ సమక్షంలో జరిగే బదిలీకి కూడా రోస్టర్ అడ్డురాదు. అంటే ఆ జెన్ 5 మీకు అంతగా కావాలంటే, ఇక్కడే చట్టబద్ధంగా ఉంచుకున్నవారి దగ్గర కొనే దారి ఉంది. ధర ఎక్కువే చెబుతారు. డీలర్ సేవా రుసుము మాత్రం 10 డాలర్లు దాటకూడదు. పైన రాష్ట్రానికి 37.19 డాలర్లు.

అపోహ: రోస్టర్‌లో లేదంటే నాసిరకం

చట్టం పేరులో "అసురక్షిత" అన్న మాట ఉండటంతో వచ్చిన తిప్పలు ఇవి. రోస్టర్ మీద వేసిన ఒక పాత కేసులో వాదులు చూపిన ఉదాహరణలు నేను కొత్తవారికి చెబుతుంటాను. స్ప్రింగ్‌ఫీల్డ్ కంపెనీ పిస్తోలు ఒకటి నలుపులో ఉంటే జాబితాలో ఉంది, అదే పిస్తోలు రెండు రంగుల్లో ఉంటే లేదు. మరో వాదికి పుట్టుకతోనే కుడిచేయి మోచేతి కింద లేదు. ఎడమచేతితో మ్యాగజైన్ వదలడానికి వీలున్న గ్లాక్ అతనికి కావాలి. మామూలు రకం జాబితాలో ఉంది, ఆ రకం లేదు. 2018లో అప్పీలు కోర్టులో వాళ్లు ఓడిపోయారు.

అలాగని ఆ షరతుల వెనక అర్థం లేదనను. కౌంటరు మీద డమ్మీ తూటా ఎక్కించి చూపిస్తాను. ఛాంబర్‌లో తూటా ఉందని చెప్పే సూచిక ఉన్న పిస్తోలులో స్లైడు (పైన కదిలే భాగం) మీద ఒక చిన్న ఎర్రటి రేకు లేస్తుంది. చీకట్లో కూడా బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. పసిపిల్లలున్న ఇంటివారు దాన్ని రెండుసార్లు ముట్టుకుని చూస్తారు. ఇంటి రక్షణకు వచ్చేవారికి రోస్టర్‌లో ఉన్న పిస్తోళ్లు చాలు అని నా అభిప్రాయం. మోడల్ కొత్తదా పాతదా అన్న పట్టింపు కంటే, నెలకొకసారి రేంజికి వెళ్లి వంద తూటాలు కాల్చడం మేలు.

అపోహ: హెచ్‌1బీ వారు కూడా కొనవచ్చు, ఐ-140 వచ్చిందిగా

ఐ-140 అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, దాని ఆమోదం మీ హోదాను మార్చదు. హెచ్‌1బీ గాని, వాళ్ల భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చే హెచ్4 గాని, వలసేతర వీసాయే. ఆ వీసా మీద ఉన్నవారు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అది నిజమైన మినహాయింపే, కానీ లైసెన్సు గడువు తీరిన రోజున మినహాయింపూ తీరుతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. భార్యకు గ్రీన్ కార్డు, భర్తకు హెచ్‌1బీ అయిన ఇళ్లలో సేఫ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది కూడా ప్రశ్నే. కొనేముందు లాయరుతో ఒక గంట కూర్చోండి.

మిగతావి త్వరగా. హైదరాబాద్‌లో పోలీసు కమిషనర్ దగ్గర, జిల్లాల్లో కలెక్టర్ దగ్గర తీసుకునే లైసెన్సు లాంటిది ఇక్కడ ఇంట్లో ఉంచుకోవడానికి అక్కరలేదు. కాలిఫోర్నియాలో కావలసింది భద్రతా పత్రం: 30 ప్రశ్నలు, 23 సరిగా రాయాలి, 25 డాలర్లు, అయిదేళ్లు చెల్లుతుంది. వయసు 21 నిండాలి. పది రోజుల నిరీక్షణ ఎవరి సిఫారసుతోనూ తగ్గదు. 2024 జులై నుంచి 11 శాతం అదనపు పన్ను ఉంది, అది మా దుకాణం లాభం కాదు. గ్లాక్ తరహా పిస్తోళ్లను 2026 జులై 1 నుంచి డీలర్లు అమ్మకూడదన్న చట్టంపై 2025 అక్టోబరులో గవర్నర్ సంతకం చేశారు. "ఉన్నవి కూడా లాక్కుంటారట" అన్నది ఉత్త పుకారు, అది డీలర్ల అమ్మకాలకు సంబంధించినది. న్యూజెర్సీ వారు నన్ను అడగవద్దు, అక్కడ ప్రతి పిస్తోలుకూ విడిగా అనుమతి పత్రం, 90 రోజుల గడువు, అదంతా వేరే లోకం.

మొదట చెప్పిన ఫోను ఆయనకు తమ్ముడి దారి మూసుకుపోయిందని చెప్పాక కాసేపు మౌనం. తర్వాత "మా నాన్నగారు కూడా డల్లాస్‌లోనే ఉంటారండీ, ఆయన సిటిజన్. ఆయన పిస్తోలు ఒకటి ఆయన దగ్గరే ఉంది" అన్నాడు. ఎప్పుడు కొన్నారని అడిగాను. నాలుగేళ్లయిందట, సొంతానికి కొనుక్కున్నారట. మీరు డబ్బు పంపారా అని రెండుసార్లు అడిగాను. లేదు. ఇప్పుడు నిజంగా కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నారా అని పెద్దాయననే ఫోనులోకి పిలవమన్నాను. "నా చేతులు వణుకుతున్నాయి బాబూ, ఇక నాకెందుకు, వాడికే ఇస్తాను" అన్నారు.

ఆయన అక్కడి డీలర్ ద్వారా మా దుకాణానికి పంపారు. పది తూటాలు దాటే మ్యాగజైన్లు రెండూ తన దగ్గరే ఉంచేసుకున్నారు. తండ్రీ కొడుకుల బంధం చూపే కాగితంగా జనన ధ్రువపత్రం తెచ్చుకోమన్నాను, గుంటూరు మున్సిపాలిటీ వారిచ్చిన పాత కాగితం తెచ్చాడు. బుధవారం దరఖాస్తు ఎక్కించాం. పిస్తోలు మా లాకరులో ఉంది. వచ్చే శనివారం సాయంత్రానికి పది రోజులు నిండుతాయి.