పొడిగా ఉండే తడి గోనె

హాలోజన్, అంటే క్లోరిన్, బ్రోమిన్ వంటి మూలకం, లేనిదని ముద్రించిన కరెంటు తీగ తొడుగు అసలు కాలదా అని ఒక పాఠకుడు అడిగారు. కాలుతుంది. కాకపోతే గ్యాస్ బండకు మంట అంటుకున్నప్పుడు మన పెద్దలు కప్పే తడి గోనెసంచి లాంటిదే ఒకటి, ఎన్నేళ్ళయినా ఆరిపోకుండా, ఆ తొడుగులో దాగి ఉంటుంది.

దాని పేరు అల్యూమినియం హైడ్రాక్సైడ్. ముగ్గుపిండిలా తెల్లగా, వేలికి ఏమాత్రం తడి తగలకుండా ఉంటుంది. అందులో ఉన్నది నీరు కాదు, నీరు కాగల హైడ్రాక్సిల్ జంటలు; ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసినదే హైడ్రాక్సిల్. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కో జంట కలిసి ఒక నీటి అణువై బయటపడి, ఒక ఆక్సిజన్ పరమాణువును వెనక వదిలిపోతుంది. లెక్క వేస్తే 156 భాగాల బరువులో 54 భాగాలు, అంటే 34.6 శాతం, నీరే. కిలో పొడి నుంచి 346 గ్రాముల నీరు, దాదాపు 580 లీటర్ల ఆవిరిగా వెలువడుతుంది. ఈ విచ్ఛిత్తికి ఆ కిలో పొడి మంట నుంచి లాగేసుకునే వేడి వెయ్యి కిలోజౌళ్ళ పైచిలుకు; అంత వేడితో మూడున్నర లీటర్ల మంచినీళ్ళు మరిగించవచ్చు. ఒడిశాలోని దామన్‌జోడి నుంచి విశాఖ రేవుకు వచ్చే అల్యూమినా, అంటే నీరు పోయాక మిగిలే అల్యూమినియం ఆక్సైడ్, కూడా ఒక దశలో ఈ హైడ్రాక్సైడే; అక్కడ ఇంధనం ఖర్చుపెట్టి మరీ వదలగొట్టే నీరే ఇక్కడ మనకు కావలసిన సరుకు.

నిజానికి మండేది ప్లాస్టిక్ కాదు, వేడికి అది విరిగి వెలువరించే వాయువులు. ఆవిరి వాటిని పలచన చేస్తుంది. మిగిలిన అల్యూమినా పైన నివురులా పేరుకుంటుంది. నివురు గప్పిన నిప్పు అని మనం లోలోపలి కోపాన్ని గురించి అంటాం గానీ, వేడినీ గాలినీ అడ్డుకోవడంలో నివురుకున్న శక్తి అచ్చమైన భౌతికశాస్త్రం. పీర్ల గుండం తొక్కినవారి పాదాలు కాలకపోవడాన్ని మహిమ అంటారు. నివురూ బొగ్గూ వేడిని మందకొడిగా అందించడం, పాదం ఆనే సమయం అతి స్వల్పం కావడం అందుకు చాలిన కారణాలు.

అయితే పాలీప్రొపిలీన్‌ను యంత్రంలో కరిగించేదే 200 డిగ్రీలకు పైన కనుక, ఈ పొడి అక్కడే ఆవిరి కక్కి సరుకును బుడగలమయం చేస్తుంది. అలాంటిచోట దాదాపు 300 డిగ్రీల వరకు ఓర్చుకునే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వాడతారు. ఏది వాడినా బరువులో సుమారు 60 శాతం కలపాలి. దాంతో ప్లాస్టిక్‌కు వంగే గుణం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది.

ఈ ఇబ్బంది లేకుండా ఈ ఖనిజపు పొడిని రంగులో కలిపి పైపూతగా వేయవచ్చు. కానీ చదరపు మీటరుకు అరకిలో ఖనిజం పట్టేంత మందంగా పూసినా దక్కేది 173 గ్రాముల నీరు, అంటే ఒక గ్లాసెడు. పైగా మైనపు నునుపుండే పాలిథిలీన్‌కు రంగు సరిగా అంటదు. అంటినా, పాలిథిలీన్ 110 నుంచి 130 డిగ్రీల మధ్యే కరుగుతుంది గనుక, ఖనిజం నీరు వదిలే లోపే పూత కింది నేల జారిపోతుంది. అందుకే గాజునారతో బిగించిన, కరగని రెసిన్ పలకల వంటి వాటి మీద ఇటువంటి పూత నిలకడగా పనిచేస్తుంది.