సీరియల్ చూసేవాళ్లను ఎవరడిగారు?

బ్రిటన్‌లో టీవీ నాటకాన్ని విమర్శకులు పట్టించుకోవడం మొదలైన కొత్తలో గౌరవమంతా ఒక్కసారితో ముగిసే విడి నాటకాలకే. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం కథ ‘క్యాథీ కమ్ హోమ్’ (1966) మీద రాస్తే అది విమర్శ. 1960 నుంచి వస్తున్న సీరియల్ ‘కొరోనేషన్ స్ట్రీట్’ మీద రాస్తే కాలక్షేపం. మన డైలీ సీరియళ్లను ఎంత తేలిగ్గా తీసిపారేస్తారో తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

1975లో దర్శకుడు కెన్ లోచ్ తీసిన ‘డేస్ ఆఫ్ హోప్’ బీబీసీలో వచ్చింది. 1916 నుంచి 1926 సార్వత్రిక సమ్మె దాకా కార్మికుల కథ. దానిమీద సినిమా సిద్ధాంత పత్రిక ‘స్క్రీన్’లో పెద్ద వాదమే నడిచింది. వాస్తవిక శైలి నిజమేమిటో ముందే తేల్చేస్తుంది, వైరుధ్యాన్ని వైరుధ్యంగా నిలవనివ్వదని విమర్శకుడు కాలిన్ మెకేబ్ అన్నారు. దాన్ని ఒప్పుకోని మరో విమర్శకుడు కాలిన్ మెకార్థర్ ఒక సన్నివేశం ఎత్తిచూపారు. అరెస్టయిన గని కార్మికులకు యజమాని హితబోధ చేస్తుంటాడు: ఈ దేశంలో మార్పు శాంతియుతంగానే వస్తుందని. అతని వెనకే సైనికులు తుపాకులకు కత్తులు బిగించి పొడవడం సాధన చేస్తుంటారు. వైరుధ్యం కళ్లముందే ఉంది కదా అన్నారు మెకార్థర్. మాట అబద్ధమని బొమ్మే చెప్పేశాక చూసేవాడు తేల్చుకునేదేముందన్నది మెకేబ్ జవాబు. రెండు వాదాల్లోనూ పదునుంది. కాకపోతే చూసేవాడి పేరిట ఇంత తర్కం నడిచినా, చూసేవాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఆ పని డొరతీ హాబ్సన్ చేశారు. స్టువర్ట్ హాల్ నడిపిన బర్మింగ్‌హామ్ సాంస్కృతిక అధ్యయన కేంద్రంలో పనిచేసిన ఆమె, విమర్శకులు అతి హీనంగా చూసిన ‘క్రాస్‌రోడ్స్’నే ఎంచుకున్నారు. అదొక మోటెల్ చుట్టూ తిరిగే సీరియల్. 1981లో అందులోని ముఖ్యనటి నోయెల్ గోర్డన్‌ను తీసేస్తే ప్రేక్షకులు భగ్గుమన్నారు. హాబ్సన్ ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లతో కలిసి సీరియల్ చూశారు. సాయంత్రం వంట, పిల్లల తిండి మధ్య వాళ్లు దాన్ని సగం వింటారు, అవసరమైనప్పుడు తల తిప్పి చూస్తారు, తమ బతుకులో తెలిసినదాన్ని కథకు జోడించుకుంటారు. ఎంతమంది ప్రేక్షకులో అన్ని ‘క్రాస్‌రోడ్స్’లు అని 1982 పుస్తకంలో ఆమె రాశారు. నా దృష్టిలో ఈ రంగంలో అసలు మలుపు ఇదే.

అయితే ఎవరి అర్థం వాళ్లదైతే, ఏది మంచి నాటకమో ఎలా చెప్పాలి? 1990లో టీవీ అధ్యయనకారిణి షార్లెట్ బ్రన్స్‌డన్ ఈ ప్రశ్నే ముందుకు తెచ్చారు. విమర్శకులు విలువ కట్టే పని వదిలేయకూడదని, ఏ కొలమానంతో కడుతున్నారో దాచకూడదని ఆమె వాదించారు.